గేటు విన్న ఊపిరి

ఆ పొద్దున ఆకాశం దుమ్ము పట్టి పసుపుపచ్చగా ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియలేదు.

మిర్చి గోదాము గేటుకు చెవి ఉంటుంది. పనికి వచ్చినవాళ్లు రొమ్ము ఆనించి ఊపిరి పీల్చి వదలాలి. లోపల కఫం లేదనిపిస్తేనే అది తెరుచుకుంటుంది. దీనమ్మను ఇప్పటికి రెండుసార్లు వెనక్కి పంపింది. మూడోసారి పంపితే పేరు కొట్టేస్తుంది.

అందుకని ఆమె మొగుడు ఇస్సాకు అడ్డసరం ఆకు, పిప్పళ్లు వేసి కషాయం కాచి, పొద్దున్నే గ్లాసు నిండా పోసిచ్చాడు.

"చేదుగా ఉందయ్యా."

"గేటు మాటకంటేనా? తాగవే."

దీనమ్మ రొమ్ము ఆనిస్తే గేటు చాలాసేపు విన్నది. "కఫం బాగా కదులుతోందమ్మా. ఇక రానక్కర్లేదు" అంది, మర్యాదగానే.

వెనక నిలబడ్డ ముసలి కూలీ నెత్తి కొట్టుకుంది. "కషాయం తాగి తిన్నగా వచ్చావా, పిచ్చిదానా? తాగిన పూట కఫం కరిగి ఇంకా గురగురమంటది. మేం శనివారం సాయంత్రం తాగి, ఆదివారమంతా దగ్గుకుంటాం. ఎవరూ చెప్పలా?"

దీనమ్మ దారి పొడవునా దగ్గుతూ, ఉమ్ముతూ నడిచింది. ఇంటికొచ్చి, గోదాముకని కట్టుకున్న క్యారేజీ విప్పింది. ఇస్సాకూ ఆమే పంచుకుని తిన్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె ఊపిరిలో గురగుర ఆ ఇంట్లో వినపడలేదు.