సరుకు లేని అంగడి

“చాప పరిచినాను. దా, ప్రార్థన చెయ్యి,” అంది కృపారాణి.

కోటేశ్వర్ మొహం కడుక్కుని వచ్చి మోకరించాడు. కూతురు అశ్వితను సమాధి చేసి వచ్చిన రోజు అతని చేతిలో మిగిలినవి ఉదయగిరి బస్టాండు పక్కన చెక్క గరిటెల అంగడి, భార్య, ఆమెకు దేవుడి మీదున్న నమ్మకం. తన నమ్మకం ఆ లెక్కలో లేదు. చర్చి సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించినా పాప జ్వరం దిగలేదు. ఆత్మకూరు ఆసుపత్రి నుంచి నెల్లూరికి బయల్దేరిన అంబులెన్సు దారిలో సంగం ఊరు దాటేసరికి పాపా పోయింది, దాంతోపాటే అతని నమ్మకమూ పోయింది.

ఉన్నవాటిలో భార్య నిలవాలంటే ఆమె నమ్మకం నిలవాలి. వ్యాపారం చేసే మనిషికి ఆ మాత్రం లెక్క తెలుసు.

సమాధి చేసిన వారంలోనే కృపారాణి స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. తలుపు పగలగొట్టి చూస్తే తడి గచ్చు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఆ సాయంత్రమే అతను ఇంట్లో తలుపులన్నిటికీ లోపలి గడియలు ఊడదీశాడు. మర్నాడు అంగడి తెరవబుద్ధి కాక, ఎవరికీ చెప్పకుండా కొండ మీది కోట దాకా ఎక్కి, అంచున కూర్చుని, చీకటి పడ్డాక దిగివచ్చాడు. కృపారాణి కొండవైపే చూస్తూ గడపలో నిలబడి ఉంది. ఎక్కడికి పోయినావని అడగలేదు. అన్నం పెట్టింది. తెల్లారేసరికి చాప పరిచి, “దా, ప్రార్థన చెయ్యి,” అంది.

అతనికి గుండెల మీది బరువు కొంత దిగింది. గడియలు ఊడదీసినా తీరని భయం ఈ చాపతో తీరుతుందనుకున్నాడు.

ఆ ఇంట్లోకి దేవుణ్ని తెచ్చింది ఆమే. ఆమెను పెళ్లి చేసుకోవడానికే కోటేశ్వర్ బాప్తిస్మం తీసుకున్నాడు. నిజంగా నమ్మింది ఆ తర్వాత, ఆమెను చూసి. అప్పుడంతా ప్రార్థన చేసేది ఆమె, ఆమెన్ అనేది అతను. ఇప్పుడు మాత్రం, “నువ్వే చెయ్యి. నాకు గొంతు పెగలదు,” అంటోంది.

ఒక పొద్దు ప్రార్థన మధ్యలో అతను కళ్లు తెరిచాడు. కృపారాణి కళ్లు మూసుకోలేదు. అతని మొహంలోకే చూస్తోంది. దొరికిపోయాననుకుని, గొంతు పెంచి ఇంకో నాలుగు స్తోత్రాలు ఎక్కువే చెప్పాడు.

“ఏంరా కోటేశ్వరా, పొద్దున్నే రోడ్డు దాకా వినపడతా ఉండాది నీ ప్రార్థన,” అన్నాడు కేశవ, అంగడి ముందు టీ గ్లాసు పెడుతూ. టీ కొట్టు కేశవ అతనికి చిన్ననాటి స్నేహితుడు. “బిడ్డను తీసకపోయినోడికి ఇంకా భజనేందిరా?”

“అంగడి తెరిచి పెట్టినా.”

“లోపల సరుకుండాదా?”

కోటేశ్వర్ టీ సగం తాగాడు. “లేదు.”

“మరెందుకురా తెరిచేది?”

“షట్టర్ దించితే ఒక మనిషి బతకదురా.”

కేశవ మరి ఎగతాళి చెయ్యలేదు. “ఎన్నాళ్లు మోస్తావురా ఇట్టా?”

“ఆమె కడుపునిండా కూడు తినిందాకా.”

ఆ బేరంలో రాబడి కనిపిస్తూనే వచ్చింది. ముందు ఆమె గంజి తాగింది. తర్వాత ఎప్పుడో తల దువ్వుకుంది. వానలు పడేనాటికి ఆదివారం మందిరానికి అతని వెంట రాసాగింది. అతను లేస్తే లేచేది, కూర్చుంటే కూర్చునేది. పాట పాడాల్సిన చోట అతను పాడుతున్నాడో లేదో ఓరగా చూసేది. అందుకని అతను ఒక్క చరణం కూడా వదలకుండా పాడేవాడు.

ఏడాది తిరిగింది. ఇంటి ముందు షామియానా వేసి, పాప పేరుమీద ఆదరణ కూడిక పెట్టారు. వాక్యం అయ్యాక పాస్టరుగారు మైకు చేతికిచ్చి, “బ్రదర్, తండ్రిగా మీరు సాక్ష్యం చెప్పండి,” అన్నారు.

పగిలిన గరిటెకు మైనం పూసి అంటగట్టేవాళ్లను కోటేశ్వర్ ఎరుగుదు. తను ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. మైకు అందుకున్నాడు. ముందు వరసలో కృపారాణి అతన్నే చూస్తోంది.

“దేవుడు మమ్మల్ని విడిచిపెట్టలేదు,” అన్నాడు.

“స్తోత్రం!” అన్నారంతా. కృపారాణి అందరికన్నా చివర అంది.

తెల్లారి చాప పరిచి ఆమె పిలిచినప్పుడు అతను గడప దగ్గరే ఆగిపోయాడు.

“నేను చెయ్యను.”

“ఏం, ఒంట్లో బాలేదా?”

“ఒళ్లు బాగానే ఉండాది. నిన్న అంతమందిలో అబద్ధం చెప్పినా, రాణీ. నిన్న ఒక్కటే కాదు, ఈ చాప మీద ఇన్నాళ్లూ చెప్పిందంతా అబద్ధమే. నాకు నమ్మకం లేదు. పాపతోనే పోయింది.”

కృపారాణి చాప పక్కన కూర్చుంది.

“లేని నమ్మకాన్ని అరువు తెచ్చి చూపించుకుంటా వచ్చినా. నాది చూసి నీది నిలబడుతుందని. అది కూడా పోతే నువ్వు దక్కవని భయం. నీ నమ్మకం నీకుండనీ. నన్నడగబాక. నావల్ల కాదు.”

ఆమె వంగి చాప అంచు సరిచేసింది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్లీ సరిచేసింది. లేచి వచ్చి అతని మణికట్టు పట్టుకుని చాప దాకా నడిపించి, కిందికి లాగింది. ఆ చేతిలో అంత బలం ఉందని అతను అనుకోలేదు. మోకాళ్లు చాపకు ఆనాయి.

“చెప్తుంటే అర్థం కాలా? నాకు లేదంటున్నా!”

“నాకు మాత్రం ఉండాదా?” అంటూ కృపారాణి అతని పక్కన మోకరించింది.