పగ్గాలు వదిలేస్తే

రొట్టెల బండి తోలే అతనికి సోమవారం లోపల గుర్రం కావాలి.

పాత గుర్రం చచ్చిపోయి ఇరవై రోజులైంది. ఇరుకు సందుల్లోని చిల్లర దుకాణాలకు వ్యాను పోదు కాబట్టి బేకరీ యజమాని ఇన్నాళ్ళూ ఓపిక పట్టాడు. ఇక పట్టనని మొన్ననే చెప్పేశాడు. సోమవారం బండి కట్టకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది.

బండివాడికి ఇంకో బాధ కూడా ఉంది. అది భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

అతని చూపు పోతోంది.

ఎదురుగా ఉన్నది మసగ్గా కనబడుతుంది. పక్కన ఉన్నది అసలు కనబడదు. ఏడాదో, మహా అయితే రెండేళ్ళో అని డాక్టరు తేల్చేశాడు. ఈ సంగతి బయటికి పొక్కితే బండి మాట అటుంచి, బేకరీ గుమ్మం కూడా ఎక్కనివ్వరు.

గుర్రాన్ని తనే చూసి ఎంచుకోలేడు కాబట్టి, అసలు కారణం చెప్పకుండా గుర్రాల దొడ్డికి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

బావమరిది అదే బేకరీలో పిండి కలుపుతాడు. మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. గుర్రాల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. ఇంతవరకూ ఒక్క గుర్రాన్నీ కొన్న పాపాన పోలేదు.

దొడ్డిలో రెండే మిగిలాయి. ఒకటి ఎర్రటి పడుచు గుర్రం, నిగనిగలాడుతోంది. రెండోది ముసలి తెల్ల గుర్రం. దాని పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టుకోవచ్చు. దాని మెడ మీద చెయ్యి వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"దీన్ని తీసుకోండి," అన్నాడాయన, ఎవరూ అడక్కుండానే.

బావమరిది బండివాడి చెవిలో గొణిగాడు. "వీడు దొడ్డివాడి మనిషి బావా. అడక్కుండా సలహా ఇచ్చాడంటే అదే గుర్తు. గుర్రాలు కొనేవాళ్ళు మొట్టమొదట నేర్చుకునేది ఇదే."

నిజానికి పెద్దాయన గుర్రాన్ని పొగడలేదు. దాని లోపాలన్నీ తనే చెప్పుకొచ్చాడు. వయసు ఇరవై దాటిందట. పొద్దున్నపూట వెనక ఎడమకాలు బిగుసుకుంటుందట. దవడ పళ్ళు పెరిగి బుగ్గల్లో గుచ్చుకుంటున్నాయట, నమల్లేకే ఇలా చిక్కిపోయిందట. ఆ పళ్ళు అరగదీయించి, తవుడు నానబెట్టి పెడితే రెండు నెలల్లో మళ్ళీ కండ పడుతుందని, ఇంకో నాలుగైదేళ్ళు బండి లాగుతుందని చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీలో దాని బండి తోలింది తనేనట. ఫ్యాక్టరీ మూతపడ్డాక గుర్రాలన్నిటినీ ఈ దొడ్డికి తోలేశారట.

"అంత మంచిదైతే మీరే కొనుక్కోవచ్చుగా?" అన్నాడు బావమరిది.

"కట్టేసుకోవడానికి చోటు లేదు, మేపడానికి పని లేదు," అన్నాడు పెద్దాయన. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక్కసారి బండికి కట్టి, పగ్గాలు వదిలేసి చూడండి. నాలుగు రోజులు దారి చూపిస్తే చాలు. ఐదో రోజు మీరు ఏమీ చెప్పక్కర్లేదు."

బండివాడు ఒక అడుగు ముందుకు వేశాడు. తనకు కావలసింది సరిగ్గా అలాంటిదే. దుకాణం రాగానే దానంతట అదే ఆగుతుందా, ఎదురు బండి వస్తే పక్కకు తప్పుకుంటుందా అని అడగాలనిపించింది. మాట నోటిదాకా వచ్చింది.

పక్కన బావమరిది ఉన్నాడు. అవన్నీ నీకెందుకు బావా అని వాడంటే ఏం చెప్పాలి? సాయంత్రానికల్లా బేకరీ అంతా పాకిపోతుంది.

బండివాడు అడగబోయిన మాట మింగేసి ఎర్రగుర్రం వైపు తిరిగాడు.

"పగ్గాలు వదిలేసి బండి తోలిన మొనగాడు ఎవడండీ?" అంటూ బావమరిది నవ్వాడు.

పెద్దాయన ఏదో చెప్పబోయి, ఎందుకో ఆగిపోయాడు.

ఎర్రగుర్రం బేరం కుదిరింది. దొడ్డి యజమాని తాడు తెచ్చి బండివాడి చేతిలో పెట్టాడు. ఆ దొడ్డిలో తాడు చేయి మారిందంటే అంతే, దేవుడు దిగివచ్చినా గుర్రాన్ని వెనక్కి తీసుకోరు. ఎర్రగుర్రం కొత్త చేతికి బెదిరి ఒక్క గుంజు గుంజింది. బండివాడు తూలి పడబోయాడు.

అప్పుడే తోళ్ళ కార్ఖానా లారీ వచ్చింది. దొడ్డిలో అమ్ముడుపోనివన్నీ దానికే.

తెల్లగుర్రాన్ని లారీ దాకా పెద్దాయనే తీసుకెళ్ళాడు. ఎక్కించే చెక్క దగ్గరికి రాగానే అది ఆగింది. ఆయన కాలు చెక్కకు తగిలాకే మళ్ళీ కదిలింది.

"చూశావా బావా, ఎక్కడానికే ఓపిక లేదు," అన్నాడు బావమరిది.

లారీ వాళ్ళు తాడు అందుకున్నారు. తలుపు వేశారు. లారీ మలుపు తిరిగి వెళ్ళిపోయింది. బండివాడికి ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది, కానీ చేతిలో ఇంకో తాడు ఉంది, చేయగలిగింది ఏమీ లేదు.

బావమరిది కళ్ళెం అడగడానికి లోపలికి వెళ్ళాడు.

పెద్దాయన లారీ తనను వదిలి వెళ్ళిన చోటే నిలబడి ఉన్నాడు. బండివాడు గుర్రాన్ని గుంజకు కట్టి, ఉండబట్టలేక ఆయన దగ్గరికి వెళ్ళాడు. అడగాల్సిన మాట ఇప్పుడు అడిగాడు.

"బాబాయ్, పగ్గాలు వదిలేస్తే అది నిజంగా నడిచేదా?"

"ఎనిమిదేళ్ళు నడిచింది బాబూ," అన్నాడాయన మాట వినబడిన వైపు మెల్లగా తిరిగి, "నాకు కళ్ళు కనబడవని ఐసు వేయించుకున్న ఒక్క దుకాణంలోనూ తెలీదు, కాస్త నన్ను గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారా?"