పడవ దూలాల ఇల్లు

"ఇల్లు నాది. నా ఇల్లు నేను పడగొట్టుకుంటానంటే ఈయనకేంటండీ నొప్పి?" అంది ఇంటావిడ.

మున్సిపల్ ఆఫీసు మేడ మీది గదిలో విచారణ జరుగుతోంది. బల్లకి అటు పక్క అధికారి. ఈ ఊరికి బదిలీ మీద వచ్చి పది రోజులే అయింది. ఇటు పక్క రెండు కుర్చీల్లో ఇద్దరు. ఒకరు పాత ఇల్లు కూల్చడానికి అనుమతి అడుగుతున్న ఇంటావిడ. రెండోవారు ఆ అనుమతి ఇవ్వొద్దని అర్జీ పెట్టిన పాతిళ్ల మాస్టారు. పక్కన ఫైలు పట్టుకుని గుమస్తా.

మాస్టారు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ముప్ఫయ్యేళ్లుగా టేపూ, కెమెరా, నోటుబుక్కూ వేసుకుని ఊళ్లో పాత ఇళ్లన్నీ కొలిచారు. అందుకే ఊరు ఆయనకి ఆ పేరు పెట్టింది. ఏ గడప ఎన్ని అంగుళాలో, ఏ గోడకి ఏ సున్నం వాడారో ఆయన్నే అడగాలి. ఆయన కొలిచిన ఇళ్లు మూడు వందల పైచిలుకు. ఇప్పుడు నిలబడి ఉన్నవి నలభై. మిగతావి ఆయన నోటుబుక్కుల్లోనే ఉన్నాయి.

"సార్, ఈ ఇంటి కప్పుకున్నవి మామూలు దూలాలు కావు." మాస్టారు బల్ల మీద ఫొటోలు పరిచారు. "పడవ చెక్కలు. ఈ చిల్లులు చూడండి, పడవ బిగించడానికి తొలిచినవి. ఈ నలుపు తారు. ఏరు ఇప్పుడు రెండు మైళ్ల అవతల పారుతోంది గానీ, ఒకప్పుడు ఈ వీధే రేవు. పడవలు కట్టేవాళ్లు ముందొచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల చుట్టూ ఊరు పెరిగింది. పాతబడ్డ పడవల్ని విప్పి ఇళ్లకి వాడుకున్నారు. అలాంటి ఇళ్లు ఈ వీధిలో పంతొమ్మిది. పద్దెనిమిది నా కళ్ల ముందే పోయాయి. ఈ ఒక్కటీ పోతే, అసలు ఈ ఊరు ఇక్కడెందుకు పుట్టిందో చెప్పే సాక్షి ఉండదు."

అధికారి ఫొటోలు దగ్గరికి లాక్కుని చూశాడు.

"సాక్షి సంగతి సరే, మా సంగతేంటి?" అంది ఇంటావిడ. "మా నాన్న హయాంలో ఈయన కొలతలకని వచ్చారండి. ఒక్క పూట పని అన్నారు. ఆ వచ్చిన మనిషి ఇప్పటిదాకా వదల్లేదు."

గుమస్తాకి పొలమారింది. బయటికెళ్లి నీళ్లు తాగి వచ్చాడు.

"చేతికి కాఫీ ఇస్తే దూలం చూస్తూ తాగుతారు. గోడలే గానీ, గోడల మధ్య మనుషులు కనబడరు ఈయనకి. ఆ మెట్ల కన్నా నిచ్చెన నయం. రెండుసార్లు జారాను, మోకాలు ఇప్పటికీ సలుపుతూనే ఉంది. పోయిన వానాకాలం కప్పు పెచ్చు ఊడి మంచం మీద పడింది. సరిగ్గా రెండు దిండ్ల మధ్య. నేను దుప్పటి దులిపేలోపే ఈయన ఆ పెచ్చుని కవర్లో వేసి నంబరు రాసేసుకున్నారు."

"అందులో నత్తగుల్లల పొడి ఉంది సార్. ఏటి గుల్లలు," అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"నా జుట్టులోనూ ఉంది ఆ పొడి. మూడుసార్లు తలస్నానం చేస్తే గానీ పోలేదు."

అధికారి నవ్వాపుకున్నాడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, కూల్చి చూడు అని ఎవరూ అనలేదమ్మా. అదీ కష్టమే అన్నమాట."

ఫైల్లోంచి ఇంజినీరు రిపోర్టు తీశాడు. రెండుసార్లు చదివాడు.

"ఈ ఇల్లు అరుదైనదని రాశారు. ప్రమాదకరమైనదనీ రాశారు. రెండూ నిజమే. కాబట్టి కూల్చడానికి వీల్లేదు. రక్షిత కట్టడం కింద చేరుస్తున్నాను. ఇక మేకు కూడా కొట్టకూడదు. అయితే మరమ్మతులు అయ్యేదాకా అందులో ఎవరూ ఉండడానికీ వీల్లేదు. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి."

"మరమ్మతులు ఎప్పుడవుతాయండీ?" అంది ఇంటావిడ.

"నిధులొచ్చాక," అన్నాడు గుమస్తా.

"నిధులెప్పుడొస్తాయి?"

గుమస్తా ఫ్యాను కేసి చూశాడు.

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నాడు అధికారి.

"అభ్యంతరమా, ఎంతమాట." మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. "అసలు పాతిళ్లని పాడుచేసేదే వాటిలో కాపురముండే మనుషులు సార్. క్యాలెండరుకో మేకు, అద్దానికో మేకు. వంటింటి పొగకి దూలాలు మసిబారిపోతాయి. పదిహేను రోజులెందుకు, వారం చాలు."

"మాస్టారూ, ఒక్కసారి ఆలోచించుకోండి," అన్నాడు గుమస్తా ఉండబట్టలేక.

"ముప్ఫయ్యేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నానయ్యా."

ఇంటావిడ ఆయన వైపు తిరిగి చూసింది. తర్వాత అధికారితో, "సరేనండి, ఆయన చెప్పినట్టు వారమే వెయ్యండి," అంది.

ఉత్తర్వు టైపయి వచ్చింది. ఆవిడ సంతకం పెట్టింది. మాస్టారు 'పూర్తి సమ్మతి' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద తేదీ కూడా వేశారు.

మెట్లు దిగుతుంటే ఆయన కాళ్లు నేల మీద ఆనడం లేదు. పద్దెనిమిది ఓటముల తర్వాత ఒక్క గెలుపు. ఎదురొచ్చిన వాచ్‌మన్‌కి కూడా చెప్పారు, ఇల్లు దక్కిందని.

ఆయన స్కూటర్ స్టార్ట్ చేయగానే వెనక సీటెక్కి, అలవాటుగా భుజం పట్టుకుని, "మరి వారం తర్వాత మనం ఎక్కడ పడుకుందామండీ?" అని అడిగింది ఇంటావిడ.