ఒక్క రోజు కాపురం

"బీరువా కూడానా? ఒక్క రోజుకి ఇంత సామానెందుకండీ?" అంది జ్ఞానసుందరి.

"ఆఫీసరు సిన్నపిల్లాడేటి? బీరువా లేని ఇంట్లో ఎవరైనా కాపురముంటారా?" అన్నాడు రాబర్ట్ మాస్టారు, వ్యాను మీద తాడు బిగిస్తూ.

మంచాలు, గ్రైండరు, ఆఖరికి హాస్టల్లో ఉన్న కూతురి పాత పుస్తకాలు కూడా వ్యానెక్కాయి. జ్ఞానసుందరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విజయనగరంలో ఇంత మంచి ఇల్లు పెట్టుకుని, కొత్తవలసలో అద్దెకిచ్చిన ఇంట్లో కాపురమున్నట్టు నటించడమేమిటి?

అంతా మాస్టారి లెక్కల పుణ్యం. బడిలో చెప్పే లెక్కలు ఏనాడూ తప్పలేదు. బయట వేసినవే తప్పాయి. భోగాపురంలో విమానాశ్రయం వస్తుందనగానే తోటి పంతుళ్ళకు పట్టిన పిచ్చే ఆయనకూ పట్టింది. బయట అప్పు చేసి మరీ ఆ రోడ్డులో రెండు ఫ్లాట్లకు బయానా ఇచ్చేశాడు. మిగతాది బ్యాంకు ఇస్తుందని ధీమా. తీరా చూస్తే ఆయన బ్యాంకులో రూల్సు బిగిశాయి. ఒక ఇంటి మీద లోను నడుస్తుండగా ఇంకో ఇంటికి కావాలంటే సగం సొమ్ము చేతిలో చూపించమన్నారు. అద్దెల రాబడిని లెక్కలోకే తీసుకోబోమన్నారు. బిల్డరు బయానా మింగి కూర్చున్నాడు. అప్పిచ్చినవాడు మాత్రం గుమ్మం దిగడం లేదు.

"కొత్తవలస ఇంట్లో మనమే ఉన్నట్టు సూపిస్తే దాని మీద ఇంకాస్త ఇస్తారట. ఆఫీసరు సూడ్డానికొస్తాడు," అని నాలుగు రోజుల కిందట భార్యతో చెప్పాడు మాస్టారు.

"లోను రాకపోతేనో?"

"ఈ విజయనగరం ఇల్లు అమ్ముకోవాలి."

ఆ మాటతో జ్ఞానసుందరి సరేనంది. ఆ ఇల్లు కట్టేటప్పుడు నిండు నెలలతో ఉండి కూడా గోడలు తానే తడిపింది. మేస్త్రీ వద్దన్నా వినలేదు. ఆ ఇంటి కోసం ఒక్క రోజేమిటి, నెల రోజులైనా అబద్ధమాడగలదు.

వ్యాను బయలుదేరే ముందు, తాళం వేసి వస్తానని మాస్టారు వెనకబడ్డాడు. ఎంతకీ రాలేదు. రెండుసార్లు కేకేస్తే గానీ బయటికి రాలేదు.

కొత్తవలస ఇంటి గుమ్మంలోకి రాగానే చేపల వాసన గుప్పుమంది. అద్దెకున్న సూరయ్య, లక్ష్మణమ్మ చేపల వ్యాపారం చేస్తారు. వాళ్ళ సామాను ఒక్కటీ లేదు. గోడలకు మేకులు కూడా లేవు.

"పాపం, సూరయ్యోళ్ళు ఈ పూట ఎక్కడుంటారండీ?"

"వాళ్ళ బావమరిదింట్లో," అన్నాడు మాస్టారు అటు తిరిగి.

జ్ఞానసుందరి ముక్కుకు కొంగు కట్టుకుని ఇల్లంతా కడిగింది. పొయ్యి వెలిగించి పప్పు పెట్టింది. దండెం మీద తడిబట్టలు ఆరేసింది. నటనలో తనకు తిరుగులేదని ఆమెకే ముచ్చటేసింది. పక్కనున్న పట్టాల మీద ఇనుప ఖనిజం మోసే గూడ్సు రైలు ఒకటి పోతుంటే కిటికీలు గడగడలాడాయి.

"ఈ గదిలో గాలి బాగా వస్తాది. బోరు నీళ్ళు కూడా తియ్యగుంటాయి," అన్నాడు మాస్టారు.

"ఆఫీసరుతో సెప్పండి. నాకెందుకు?"

మధ్యాహ్నానికి ఇంటి ముందు బైకు ఆగింది. గబగబా చీర సర్దుకుని వెళ్ళి చూస్తే, అబ్రహాం పాస్టరు గారు. చేతిలో బైబిలుంది.

"ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకి రమ్మన్నారు కదమ్మా మాస్టారు," అన్నాడాయన.

జ్ఞానసుందరికి ఒళ్ళు మండింది. మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"బ్యాంకోడితో అబద్ధమాడితే ఆడుదుం. దేవుడితో కూడా ఆడతారా? ఒక్క రోజు ఉండే ఇంటికి ప్రతిష్ఠేటి?"

"మనోళ్ళెవరైనా ప్రార్థన లేకుండా ఇంట్లో దిగుతారేటి? ఆఫీసరు పక్కింటోళ్ళని అడిగితే?" అన్నాడు మాస్టారు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఒక్కదానికీ కాదనకు సుందరీ."

ఆమె ఒప్పుకుంది. తన ఇంటి కోసం ఒప్పుకుంది.

పాస్టరు గారు గది గదికీ తిరిగి ప్రార్థించారు. ఈ ఇంట నివసించే వీరిని కడవరకూ కాపాడు తండ్రీ అన్నప్పుడు మాస్టారు వెక్కివెక్కి ఏడ్చాడు. తప్పు చేస్తున్నానని తెలిసి ఏడుస్తున్నాడనుకుంది జ్ఞానసుందరి. ఆమెకు కోపం పోయి జాలేసింది.

సాయంత్రమైంది. దీపాలు పెట్టారు. ఆఫీసరు జాడ లేదు. మాస్టారు ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళి, కాసేపటికి తిరిగొచ్చాడు.

"రేపొస్తాడట."

"రేపు కాకపోతే ఎల్లుండి. మరేటి సేస్తాం? ఉందాం," అంది జ్ఞానసుందరి. భర్తకు అన్నం పెట్టింది. ఆయన సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

పడుకునే ముందు ఇద్దరూ మంచం పక్కన మోకరించారు. ఆమె కళ్ళు మూసుకుని పైకే ప్రార్థించింది.

"ప్రభువా, పగలు నీ పేరు మీద ఆడిన అబద్ధాన్ని క్షమించు. ఆయన్ని ఏమీ అనకు, ఆ పాపం నామీద వెయ్యి. నాకు డబ్బొద్దు, ఫ్లాట్లొద్దు. విజయనగరంలో నా ఇల్లు నాకుంచు. ఆమెన్."

ఆమెన్ అనడానికి మాస్టారికి నోరు రాలేదు.

ఏ బ్యాంకు ఆఫీసరూ రాడనీ, విజయనగరం ఇల్లు పోయిన శుక్రవారమే వేరొకరి పేర రిజిస్టరైపోయిందనీ ఆమెకు చెప్పడానికీ నోరు రాలేదు.