సుమన అలక

"దో టికెట్ దేనా భయ్యా," అంది సుమన.

సూరత్ పక్కన కడోదరాలోని ఆ థియేటర్‌లో ఆదివారం మ్యాట్నీకి జనం పలచగానే ఉన్నారు. టికెట్లు పిడికిట్లో బిగించుకుని సుమన విసవిసా లోపలికి నడిచింది. వెనకే పద్మారాణి.

"ఇంకెన్నొద్దులు అలుగుతవే? జర ఇటు జూడు."

సుమన చూడలేదు.

మగ్గాల కార్ఖానాలో ఇద్దరూ పన్నెండేళ్లుగా పక్కపక్కనే బాబిన్లు చుడుతున్నారు. ఆ మోతలో గొంతు చించుకున్నా వినబడదు, అందుకే అక్కడ ముచ్చట్లన్నీ పెదవులతోనే. కోపమొస్తే తిట్టనక్కర్లేదు. మొహం తిప్పుకుంటే చాలు, అవతలిదాని మాట అక్కడికే ఆగిపోతుంది. సుమన ఇప్పుడు అదే చేస్తోంది.

తప్పు పద్మారాణిదే. పోయిన ఆదివారమే చూడాల్సిన సినిమా ఇది. నలుగురు ఆడవాళ్లు మొగుళ్లకు తీర్థయాత్రని చెప్పి గోవా చెక్కేసే కథ, పెద్దలకు మాత్రమే. నెల్లాళ్లు కిసుక్కుమంటూ ఎదురుచూసి, తీరా ఆ పూట దగ్గుమందు తాగి పడుకుంటే ఆమెకు మెలకువే రాలేదు. ఎవరికి మాత్రం కోపం రాదు? ఇవాళ ఎలాగైనా దాన్ని తన వైపు తిప్పుకోవాలి. సుమన అలిగితే పద్మారాణికి పొద్దు గడవదు.

హాల్లో చలికి అందరూ కొంగులు కప్పుకున్నారు. పద్మారాణికి ఏమీ అనిపించలేదు. ఏళ్లుగా పీడించిన దగ్గు కూడా ఈ వారం జాడలేదు, ఎందుకో మరి. టార్చి పట్టుకున్నతను సుమన మొహం మీద వెలుగు వేసి, పద్మారాణి మీదుగా అవతలికి జరిపాడు.

సుమన రెండు సమోసాలు తెచ్చి, ఒకటి పద్మారాణి వైపు పెట్టింది.

"తిను," అంది, తెర వైపే చూస్తూ.

ఆకలి లేదుగానీ, ఆ ఒక్క మాటకే పద్మారాణికి ప్రాణం లేచొచ్చింది.

తెర మీద కొత్త పెళ్లికూతురు స్నేహితురాళ్లకు చెబుతోంది. మొదటి రాత్రి మొగుడు లుంగీ విప్పేలోపే గురక పెట్టాడట. హాలంతా గొల్లుమంది.

"మా రాజలింగం గూడ గంతేనే," అంది పద్మారాణి.

సుమన పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఇటు మాత్రం తిరగలేదు.

"తప్పయిందే. ఒక్కపారి నా మొకం జూడరాదు," అని బతిమాలింది పద్మారాణి. నిజంగానే ఏడుపొచ్చింది ఆమెకు.

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. ఇందాక తెలుగు మాట విన్న ముందు వరుస ముసలావిడ, మోకాళ్లు పట్టుకుంటూ లేచి వచ్చింది.

"బిడ్డా, ఏసీ అంత నా మీదనే కొడ్తున్నది. గీ సీట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరు పెద్దమ్మా. మా పద్మది."

అంటూనే సుమన ఇటు తిరిగి, నేరుగా పద్మారాణి కళ్లలోకి చూసింది. కోపం లేదు. పద్మారాణి గుండె నిండిపోయింది.

ముసలావిడ ముసిముసిగా నవ్వింది. "గిసుంటి సినిమాకు దోస్తును నువ్వే తోల్కొచ్చినవా?"

"తోల్కొస్తనని మాటిచ్చినంకనే దాని పిండం కాకి ముట్టింది."