ముందురోజు హాలు

“ఒకే సాయంత్రానికి ఇద్దరికి మాట ఇచ్చేదానికి నీకు నోరెట్ల వచ్చెనప్పా?” అన్నాడు శ్రీనివాసప్ప.

సర్జాపుర రోడ్డులోని ఆ కల్యాణమంటపం మేనేజరు మల్లయ్య తల గోక్కున్నాడు. “తప్పు మాదే సార్. పొద్దున ముహూర్తానికి హాలు మీదే. ముందురోజు రిసెప్షనే కష్టంగా ఉండాది. ఎవరో మగపెళ్ళివాళ్ళంట, వెంకటేశ్ అనే ఆయన ఫోన్లోనే మాట్లాడుకున్నారు. మేం కదలం అంటుండారు.”

కూతురు హరిణి పెళ్ళి ఈ ఆదివారమే. శ్రీనివాసప్ప భార్య నాగలక్ష్మి మెల్లగా అంది. “రిసెప్షన్ గురించి వియ్యాలవారితో ఒక మాట అనుకోవాల్సింది.”

“అనుకుని? నువ్వు పెడతావా, నేను పెట్టేదా అని సంతలో మాదిరి బేరమాడేదా? ఆ వియ్యంకుడు పెద్దన్నకు నోరు తెరిచే సందు ఇవ్వకుండా చేసి చూపించాల. హాలు లేదని ఆయన చెవిన పడిందంటే, జన్మంతా హరిణిని ఎత్తిపొడుస్తాడు.”

గోడమీది స్వామి పటానికి దండం పెట్టుకుని, అదే నోటితో మల్లయ్యను కసిరాడు. “ఫోన్ చెయ్. మర్యాద ఉన్నోళ్ళయితే తప్పుకోమని చెప్పు.”

మల్లయ్య బయటికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

“ఏమన్నారు?”

“చెప్పమంటారా సార్?”

“చెప్పప్పా.”

“రిసెప్షన్ పెట్టే మొహమో కాదో ముందు అద్దంలో చూసుకోమన్నారు.”

శ్రీనివాసప్ప పెదవి విరిచాడు. “విన్నావా నాగలక్ష్మీ? ఇట్లాంటి కొంపకు పిల్లనిచ్చినోడు ఎవడో గాని, కళ్ళు తాకట్టు పెట్టింటాడు.”

“ఊరుకోండి. ఆ పిల్ల తల్లి ఎంత ఏడుస్తా ఉందో పాపం.”

“ఏడవనీ. విచారించుకోకుండా ఇస్తే అంతే. మన మాదిరి నలుగురిని అడిగి, వంశం చూసి ఇచ్చుకోవాల.”

ఆ మాట నాగలక్ష్మికి నచ్చింది. తృప్తిగా కొంగు సర్దుకుంది.

బయట కారు ఆగింది. మల్లయ్య కిటికీలోంచి తొంగిచూశాడు. “వాళ్ళే వచ్చినట్టుండాది సార్. ఎదురెదురుగా మీరే తేల్చుకోండి.”

“రానీ. సంస్కారం లేని ఆ మొహం నేనూ చూడాల,” అంటూ శ్రీనివాసప్ప కుర్చీని తలుపు వైపు తిప్పుకున్నాడు.

తమ్ముడు వెంకటేశ్‌ను వెంటబెట్టుకుని వచ్చినవాడు వియ్యంకుడు పెద్దన్న.