నెల సెలవు

"ఫేబా, నీ ట్యాక్స్ సున్నా!" నోయెల్ ట్యాక్స్ క్యాలిక్యులేటర్ తెరిచున్న ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. ఇండియాలో రిటర్ను వేయడానికి ఇవాళే ఆఖరు రోజు. అతని వేలు అప్పుడే సబ్మిట్ మీదికి పోయింది.

"ఆగండి." డ్యూటీకి తయారవుతున్న ఫేబా దగ్గరికొచ్చింది. "ఆ క్యాలిక్యులేటర్ ఏమడిగింది? మీరేం చెప్పారు?"

"పోయినేడు ఇండియాలో ఎన్నాళ్లున్నావని అడిగింది. ఎప్పట్లాగే నెల సెలవని కొట్టాను."

"నెలా? మామిడికాయలప్పుడు వెళ్లి, క్రిస్మస్ ఆరాధన అయ్యాక గదండీ వచ్చాను! ఆర్నెల్లు దాటితే లెక్కే మారిపోద్దని మా హాస్పిటల్ సిస్టర్లంతా మొత్తుకుంటున్నారు. మీరు తప్పు చెబితే, అదీ తప్పే చెబుద్ది."

కింద హాస్పిటల్ బస్సు హారన్ కొట్టింది. ఫేబా కదల్లేదు.

"సరే, మార్చేస్తాను. ఆడిటర్‌కీ ఫోన్ చేసి అడుగుతాను. దానికింత కోపమెందుకు?"

"అమ్మ పోయేదాకా మంచం పక్కనే ఉన్నాను. మీకది సెలవా?"

నోయెల్ వేలు బటన్ మీంచి జారింది. గడిలో అంకె చెరిపేశాడు. కొత్త అంకె కొట్టబోయి ఆగిపోయాడు. ఫేబా తిరిగొచ్చాక పెండింగ్ డ్యూటీల గురించి అడిగాడు, జీతం గురించి అడిగాడు. అక్కడి రోజులెలా గడిచాయని ఒక్కసారీ అడగలేదు.

బస్సు మళ్లీ హారన్ కొట్టింది.

"పోనీ దాన్ని. నేను దింపుతాను," అన్నాడు నోయెల్, కుర్చీ లాగుతూ. "కూర్చో. వెళ్లిన రోజు నుంచీ చెప్పు."

ఫేబా మెల్లిగా కూర్చుంది.

"నేను వెళ్లేసరికి అమ్మ నన్ను గుర్తుపట్టలేదండీ."